ఇంటిపేర్ల కథ

బడిలో ప్రతిదినము మొదట జరుగు పని హాజరు పిలుచుట. ఉపాధ్యాయుడు పేరు పిలుచును. విద్యార్థి లేచి పలుకును. ఆ పిలుపులో రెండు పేర్లు కలిసియున్నవి. ఒకటి తల్లిదండ్రులు మనకు పెట్టిన పేరు. రెండవది మనము పుట్టుటకు ఎన్నో తరముల ముందుగనే మన యింట నున్న పేరు. అదియే ఇంటిపేరు.

సుమారు నలువది యేండ్ల క్రిందట, నేను ఉపాధ్యాయుడనైన క్రొత్తలో, ధర్మవరమునందు ఒక పాఠశాలలో ఎనిమిదవ తరగతికి తెలుగు చెప్పుచుంటిని. ఆ తరగతిలో నేత నేయువారి పిల్లవాడొకడు కలడు. వాని ఇంటిపేరు 'గంజి'. ఒకనాడు నేను హాజరు పిలుచుచుండగా వాని పేరు రాగానే వెనుక వరుసలోని బాలుడొకడు, “గంజిలోకి ఉప్పు కావలెనా?” అనెను. తరగతి యంతయు గొల్లున నవ్వెను. ఆ బాలుని మందలింపవలసిన నేను కూడ నవ్వితిని.

మరునాడు ఆ పిల్లవాడు బడికి రాలేదు. మూడవనాడు వచ్చి, నా బల్లకడ నిలిచి, తల వంచుకొని, “అయ్యవారూ, రిజిష్టరులో నా ఇంటిపేరు కొట్టివేయండి” అని వేడుకొనెను. ఆ మాట విని నాకు సిగ్గు కలిగెను. నవ్విన పిల్లలకు ఇంటిపేరనగా ఏమో తెలియదు; నిజము చెప్పవలెనన్న, ఆనాటికి నాకును బాగుగా తెలియదు. ఆ సాయంకాలము వాని యింటికి పోతిని. అచ్చట వాని తాత చెప్పిన మాట ఈ పాఠము చివర చెప్పెదను. ఆ మాట అర్థమగుటకు ముందు ఇంటిపేర్ల చరిత్ర కొంత తెలిసికొనవలెను.

ఇంటిపేరనగా తండ్రినుండి బిడ్డలకు, బిడ్డలనుండి వారి బిడ్డలకు సంక్రమించు పేరు. ఒక మనిషిని మాత్రమే గుర్తించుటకు ఇతరులు వాడుమాట బిరుదో, మారుపేరో యగును. అది అతని సంతతికి కూడ అంటుకొని నిలిచిననాడు ఇంటిపేరగును. తెలుగువారిలో ఇంటిపేరు ముందు వచ్చును. సొంతపేరు తరువాత వచ్చును. ఇంగ్లీషువారిలో ఈ వరుస తారుమారుగా నుండును.

తెలుగు ఇంటిపేర్ల నిర్మాణమును మన వ్యాకరణమే చక్కగా తెలుపుచున్నది. ఇ, టి, తి అను వర్ణములు ఔపవిభక్తికములని మీరు చదువుకొందురు. 'ఊరు' అనునది 'ఊరి' యగును. 'ఇల్లు' అనునది 'ఇంటి' యగును. 'నేయి' అనునది 'నేతి' యగును. కల్లూరివారు, గార్లపాటివారు, నేతివారు మున్నగు పేర్లలో ఈ వర్ణములే కానవచ్చును. గార్లపాటివారనగా గార్లపాడను ఊరివారు. ఎవరు, ఎచ్చటివారు, దేనికి సంబంధించినవారు అను ప్రశ్నకు ఇంటిపేరు ఒక్క మాటలో చెప్పు సమాధానము.

ఇంటిపేర్లు పలు విధములుగా పుట్టును. వానిలో ముఖ్యమైన తీరులను తెలియుటకు మనము దూరము పోనక్కరలేదు. పెనుకొండ కోటకడ నిలిచి విజయనగర చరిత్రను తలచుకొన్న చాలును. ఆ సామ్రాజ్యమును నాలుగు వంశములవారు వరుసగా ఏలిరి. ఆ నాలుగు వంశముల పేర్లు నాలుగు విధములుగా ఏర్పడినవి.

మొదటిది సంగమ వంశము. 1336లో రాజ్యమును స్థాపించిన హరిహరుడు, బుక్కరాయలు అను సోదరుల తండ్రి పేరు సంగముడు. కనుక ఇది పూర్వపురుషుని పేరునుండి వచ్చినది. రెండవది సాళువ వంశము. సాళువమనగా డేగ. శత్రువులపై డేగవలె పడు వీరుడని ఆ వంశమున ఒక పూర్వికునకు వచ్చిన బిరుదు, తరువాతి వారికి వంశనామమయ్యెను. 1485 ప్రాంతమున రాజ్యమును చేపట్టిన సాళువ నరసింహరాయలు ఈ వంశమువాడు. మూడవది తుళువ వంశము. శ్రీకృష్ణదేవరాయలు ఈ వంశమున పుట్టినవాడు. పడమటి సముద్రతీరమునందలి తుళునాడు అను సీమ పేరే ఇందులో నున్నది. నాలుగవది అరవీటి వంశము. అరవీడు ఒక ఊరు. దానికి ఔపవిభక్తికమైన 'టి' చేరి అరవీటివారైరి. 1565లో జరిగిన రాక్షసి తంగడి యుద్ధమున అళియ రామరాయలు మరణింపగా, ఆయన తమ్ముడు తిరుమలరాయలు ధనముతో, పరివారముతో విజయనగరమును విడిచి వచ్చి పెనుకొండను రాజధానిగా చేసికొనెను. ఆయన అరవీటివాడే.

తండ్రి పేరు, బిరుదు, సీమ, ఊరు అను ఈ నాలుగింటికి వృత్తిని కూడ చేర్చినచో ఇంటిపేర్లలో పెక్కింటి పుట్టుక తెలిసినట్లే.

వీనిలో ఊరిపేర్లే మన సీమలో మిక్కిలి యెక్కువ. హిందూపురము చేరువనున్న కల్లూరులో 1897లో జన్మించిన స్వాతంత్ర్య యోధుడు కల్లూరు సుబ్బారావు. సంగీత సాహిత్యములు రెండింట నిష్ణాతులైన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, రాజకీయములలో పేరొందిన తరిమెల నాగిరెడ్డి, వీరి ఇంటిపేర్లును అనంతపురము సీమలోని ఊళ్లే. ధర్మవరము పేరు కూడ ఒక మహనీయుని ఇంటిపేరై ఆంధ్రదేశమంతట మ్రోగినది. ఆయన ఆంధ్ర నాటక పితామహుడని ప్రసిద్ధి కెక్కిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు. 1853లో పుట్టి, బళ్లారిలో వకీలుగా నుండి, 'చిత్రనళీయము', 'విషాద సారంగధర' మున్నగు నాటకములు వ్రాసి, సరస వినోదినీ సభను నడిపి, 1912లో పరమపదించిరి.

ఇందులో ఒక విశేషమున్నది. ధర్మవరములోనే నివసించువానిని ధర్మవరమువాడని ఎవ్వరును పిలువరు. అచ్చట అందరును ధర్మవరమువారే గదా! ఊరు విడిచి మరియొక చోటికి పోయినపుడే ఆ పిలుపు పుట్టును. కనుక ఊరిపేరు ఇంటిపేరుగా నున్నదనిన, ఆ కుటుంబము పూర్వమెన్నడో ఆ యూరు విడిచి వచ్చినదని చాలవరకు ఊహింపవచ్చును. కరవు వలన గాని, యుద్ధము వలన గాని, బ్రతుకుతెరువు కొరకు గాని మన పెద్దలు చేసిన ప్రయాణములకు ఇంటిపేర్లు సాక్ష్యములు. రామకృష్ణమాచార్యుల మేనల్లుడు ప్రఖ్యాత నటుడు రాఘవాచార్యులు. వారి ఇంటిపేరు తాడిపత్రి. అయినను లోకము ఆయనను బళ్లారి రాఘవ యనియే యెఱుగును. తెనాలి రామకృష్ణకవి అసలు ఇంటిపేరు గార్లపాటి. అదియు మరుగుపడి, తెనాలి నిలిచినది. ఇట్లు ఇంటిపేరు మారుటయు గలదు.

లేపాక్షిలోని వీరభద్రస్వామి ఆలయమును అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరులు విస్తరింపజేసిరి. విరూపణ్ణ పెనుకొండలో రాజోద్యోగి. అందుచేత ఆయనను పెనుగొండ విరూపణ్ణ యందురు. ఊరిపేరు మనిషి పేరునకు ముందు చేరు వాడుక నాటికే యున్నదని దీనివలన తెలియుచున్నది.

ఇక వృత్తిని బట్టి వచ్చిన పేర్లు. కరణంవారు, మంత్రిప్రగడవారు ఇట్టివారు. ప్రగడ యనగా మంత్రి. గ్రామ కరణముల ఉద్యోగము మన రాష్ట్రమున 1984లో రద్దయినది. నేడు కరణములు లేరు. కరణంవారు మాత్రము ఉన్నారు. వృత్తి పోయినను పేరు నిలుచుట ఇంటిపేరు లక్షణము.

ఈ రీతులు తెలుగువారికే ప్రత్యేకములు కావు. ఇంగ్లీషువారి ఇంటిపేర్లును ఇట్లే పుట్టినవి. ఇంగ్లండును 1066లో నార్మనులు జయించిరి. ఆ కాలమున ఆ దేశపు సామాన్య జనులకు స్థిరమైన ఇంటిపేర్లు లేవు. ఒక గ్రామమున నలుగురు జాన్‌లు ఉన్నచో, కమ్మరి జాన్, గుట్టమీది జాన్, విలియం కొడుకు జాన్, పొట్టి జాన్ అని పిలిచికొనెడివారు. క్రమముగా ఆ గురుతులే బిడ్డలకును సంక్రమించినవి. సుమారు 1400 నాటికి ఆ దేశమున పెక్కుమందికి ఇంటిపేర్లు ఏర్పడినవి. స్మిత్ అనగా కమ్మరి. హిల్ అనగా గుట్ట. జాన్సన్ అనగా జాన్ కుమారుడు. న్యూటన్ అనగా క్రొత్త ఊరు. భూమ్యాకర్షణ సిద్ధాంతమును ప్రతిపాదించిన ఐజాక్ న్యూటను మన దేశమున పుట్టియున్నచో ఆయనను కొత్తూరి ఐజాకుగారని పిలిచియుందుము!

తెలుగునకు సేవ చేసిన తెల్లదొరల పేర్లనే పరిశీలింపుడు. వేమన పద్యములను వెలుగులోనికి తెచ్చి, నిఘంటువు రచించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798 మొదలు 1884 వరకు జీవించెను. బ్రౌన్ అనగా గోధుమవన్నె. పూర్వికుని జుట్టునో, మేనిఛాయనో బట్టి వచ్చిన పేరు. గ్రామముల కైఫీయతులను సేకరింపజేసిన కాలిన్ మెకంజీ 1821లో మరణించెను. ఆయన స్కాట్లండువాడు, 'మెక్' అనగా కుమారుడు. మెకంజీ యనగా ఆ దేశపు భాషలో కెన్నెత్ కుమారుడు. మెకంజీ సేకరించిన వ్రాతప్రతులకు పట్టిక కూర్చిన విలియం టైలరు పేరున దర్జీ వృత్తి యున్నది. 1816లో తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషులో ప్రకటించిన క్యాంబెల్ పేరునకు మూలార్థము 'వంకర నోరు'! ఎవని నోటినో చూచి ఎన్నడో నవ్విన నవ్వు అది. ఆ పేరుగలవారు దానిని దాచుకొనలేదు. గొప్ప వంశనామముగా ధరించిరి.

ఇక ధవళేశ్వరము ఆనకట్టను 1847 మొదలు 1852 వరకు నిర్మింపజేసిన సర్ ఆర్థర్ కాటన్. కాటన్ అను మాటకు ఇంగ్లీషున పత్తియని అర్థము. అందుచేత ఆయన పూర్వికులు పత్తి వర్తకులని తలచినచో పొరబాటు. ఆ ఇంటిపేరు 'గుడిసెలకడ' అను అర్థముగల ప్రాచీన పదమునుండి పుట్టి, ఊరిపేరై, పిదప ఇంటిపేరైనది. కనుక ఇంటిపేరునకు పైకి కనబడు అర్థమే నిజమైన అర్థమని తొందరపడరాదు. దీనిని మీరు గుర్తుంచుకొనవలెను.

గురుతుగా పలుకు మాట స్థిరమైన ఇంటిపేరగుటకు లెక్కపత్రములు ముఖ్యకారణము. భూమి తండ్రినుండి కుమారునకు చెందవలెనన్న, పన్ను వసూలు కావలెనన్న, ఎవరు ఎవరో వ్రాసియుండవలెను. ఇంగ్లండున 1377 మొదలు 1381 వరకు తలపన్ను వసూలు చేయుటకు మనుష్యుల పట్టికలు వ్రాసిరి. 1538 నుండి ప్రతి క్రైస్తవాలయమున నామకరణములను, పెండ్లిండ్లను, మరణములను పుస్తకములలో నెక్కించిరి. పుస్తకమున కెక్కిన పేరు మారుట కష్టము.

మన సీమలోను ఇట్టి పని జరిగినది. 1800లో నైజాము ఈ జిల్లాలను ఇంగ్లీషు కంపెనీవారికి దత్తము చేసెను. ఆ యేడు మొదలు 1807 వరకు ఇచ్చట ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో భూములను కొలిపించి, రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. అందుచేత ప్రతి రైతు పేరును సర్కారు లెక్కలలో విడివిడిగా నెక్కెను. మన్రో అనునది స్కాట్లండులోని ఒక తెగ పేరు. ఆయన 1827లో పత్తికొండకడ వాంతిభేదిచే మరణించెను. ఆయనపై గల అభిమానముచేత రాయలసీమ ప్రజలు తమ బిడ్డలకు మన్రోలప్ప, మన్రోలమ్మ అని పేర్లు పెట్టుకొనిరి. ఎచ్చటి స్కాటుల ఇంటిపేరు! ఎచ్చటి పల్లెలోని బిడ్డ సొంతపేరు! పేర్ల ప్రయాణము ఇంత చిత్రమైనది.

ఊరిపేరు ఇంటిపేరగుట చూచితిమి. మనిషి పేరు ఊరిపేరగుటకు హిందూపురమే నిదర్శనము. పదునెనిమిదవ శతాబ్దమున గుత్తిని ఏలిన మరాఠా వీరుడు మురారిరావు ఘోర్పడే, తన తండ్రియైన హిందూరావు పేర ఈ పట్టణమును నిర్మించెనని ప్రతీతి. ఘోర్పడే యను వంశనామము ఉడుమునకు గల మరాఠీ పేరునుండి వచ్చినది. వారి పూర్వికుడొకడు ఉడుమునకు త్రాడు కట్టి, దాని పట్టుతో కోటగోడ నెక్కెనని వంశగాథ. పేరున నున్నది ఉడుమైనను, వారు దానిని సాహసమునకు చిహ్నముగా తలచిరి.

హిందూపురము కన్నడ సీమకు సరిహద్దు. కన్నడ దేశపు దక్షిణ భాగమున పలువురు ఇంటిపేరునకు మారుగా ఊరిపేరు, తండ్రిపేరులలోని మొదటి అక్షరములను వాడుదురు. మనవారిలోను కొందరు ఊరిపేరును, ఇంటిపేరును రెంటిని పొడి అక్షరములుగా వ్రాసికొందురు. అనంతపురము జిల్లా బుక్కాపురమునకు చెందిన బి.ఎన్. యుగంధర్ పేదల మేలుకై పాటుపడిన అధికారిగా పేరొందినవారు. ఆయన పేరులోని మొదటి అక్షరములు బుక్కాపురం నాదెళ్ల అనువానికి గురుతులు. ఆయన కుమారుడు 2014లో మైక్రోసాఫ్ట్ సంస్థకు ముఖ్య నిర్వహణాధికారి యయ్యెను. అమెరికాలో ఇంటిపేరు చివర వచ్చును గనుక లోకము ఆయనను సత్య నాదెళ్ల యని పిలుచుచున్నది. విదేశములకు పోవు మన పిల్లలు దరఖాస్తులలో ఇంటిపేరును ఎచ్చట వ్రాయవలెనో తెలియక తికమక పడుదురు. వరుస మారినను ఇంటిపేరు ఇంటిపేరే.

ఇంటిపేరు వలన కీడు లేదా యని మీరు అడుగవచ్చును. కొందరు ఇంటిపేరు విని కులమును ఊహింతురు. దానిని బట్టి మర్యాదను కొలుతురు. ఇది తప్పు. ఒక ఊరినుండి బయలుదేరిన అన్ని కులములవారికిని ఆ యూరిపేరే ఇంటిపేరు కావచ్చును. అందుచేతనే ఒకే ఇంటిపేరు పలు కులములలో కానవచ్చును. మరియు స్త్రీలకు పుట్టినింటి పేరొకటి, మెట్టినింటి పేరొకటి. పెండ్లితో పేరు మార్చుకొనవలెనను నిర్బంధము చట్టమున లేదు. పుట్టినింటి పేరునే నిలుపుకొనువారు నేడు పలువురు కలరు. పేరు మనకొరకు, మనము పేరుకొరకు కాదు.

ఇక ధర్మవరములోని ఆ యింటి సంగతి. నేను పోవునప్పటికి తాత మగ్గము గుంటలో కూర్చుండి పట్టుచీర నేయుచుండెను. నన్ను చూచి లేచి, చాప వేసి, మంచినీళ్లు తెప్పించెను. నేను జరిగినది దాచక చెప్పి, “తప్పు నాదే, తాతగారూ! నేనును నవ్వితిని” అంటిని. ఆయన కొంతసేపు పలుకలేదు. పిమ్మట ఇట్లనెను:

“గంజి అంటే పేదోళ్లు తాగేదే గదా అని నగినారు పిల్లోళ్లు. తాగినాము అయ్యవారూ, కరువులో మేమూ తాగినాము, దాంట్లో సిగ్గేముంది? అయితే మా పెద్దలు చెప్పింది వేరే. పట్టు రాకముందు మావాళ్లు నూలు నేసేవాళ్లు. నూలు పడుగుకు గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండకు ఆరబెట్టాల. గంజి పట్టని పడుగు మగ్గం మీద నిలవదు, పోగు పోగూ తెగిపోతుంది. ఊరందరి పడుగులకూ గంజి పట్టించేది మా ముత్తాతలేనంట. మా చేయి పడకుంటే ఊర్లో చీర దిగేది కాదంట. ఆ పేరు కొట్టేయమంటాడా వీడు?”

పిల్లవాడు గుమ్మముకడ నిలిచి ఆ మాటలన్నియు వినెను. మరునాడు నేను తరగతిలో నా తప్పు ఒప్పుకొని, పడుగు, పేక, గంజి యనువానిని గూర్చి చెప్పుమని వానినే అడిగితిని. వాడు మొదట తడబడి, పిదప నిబ్బరముగా చెప్పెను. ఉప్పు మాట యనిన బాలుడే లేచి, “మీ యింటికి వచ్చి మగ్గము చూడవచ్చునా?” అని యడిగెను. రిజిష్టరులో పేరు కొట్టివేయవలసిన పని లేకపోయెను. ఆ పేరుతోనే వాడు పదవ తరగతి పరీక్ష వ్రాసెను.

“ఇంటిపేరు కస్తూరివారు, ఇంట గబ్బిలాల కంపు” అని మనలో ఒక సామెత కలదు. గొప్ప పేరున్న చాలదు, నడవడి యుండవలెనని దాని భావము. దానిని తిరుగవేసి చూచినను నిజమే: పేరు గంజియైనను, ఇంట కస్తూరి యుండవచ్చును. ఇంటిపేరు మనము సంపాదించినది కాదు గనుక దానివలన గర్వింపను పనిలేదు, సిగ్గుపడను పనిలేదు. అది మన పెద్దలు నడచివచ్చిన దారికి గురుతు.

విద్యార్థులారా! నేటి సాయంకాలము ఇంటికి పోయి, మీ ఇంటిపేరు ఎట్లు వచ్చినదో మీ అవ్వను గాని, తాతను గాని అడుగుడు. వారు చెప్పినది ఒక కాగితముపై వ్రాసికొనుడు. మీ తోటివాని కథ కూడ వినుడు. విన్న తరువాత ఆ పేరును చూచి నవ్వుట మీకు సాధ్యము కాదు.